అఫ్లాటాక్సిన్‌కు యాంటీబాడీ: టైటర్ వచ్చింది, పోటీ రాలేదు. కాంజుగేట్ ఎంపికలో ఎక్కడ తప్పాను?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

అందరికీ నమస్కారం. వేరుశనగ గింజల్లోనూ ఎండుమిర్చిలోనూ బూజు వల్ల చేరే అఫ్లాటాక్సిన్ బీ1 అనే విషాన్ని కొలవడానికి పోటీ పద్ధతి ఎలైసా పరీక్షను (నమూనాలోని టాక్సిన్, ప్లేటు మీది టాక్సిన్ ఒకే యాంటీబాడీ కోసం పోటీపడతాయి, నమూనాలో టాక్సిన్ ఉంటే రంగు తగ్గుతుంది) సిద్ధం చేయడం నా పరిశోధనలో ఒక భాగం. అందుకు కావలసిన యాంటీబాడీని మా ప్రయోగశాలలోనే తయారు చేసుకోవాలని మా గైడ్ గారు నిర్ణయించారు. బీ1 అణుభారం 312 మాత్రమే కనుక అది ఒంటరిగా కుందేలులో రోగనిరోధక స్పందనను కలిగించలేదని, ఇలాంటి చిన్న అణువును హాప్టెన్ అంటారని, దానిని ఒక పెద్ద వాహక ప్రోటీన్‌కు అతికించి ఇవ్వాలని చదువుకున్నాను. ఆ ప్రకారమే బీ1ను బోవైన్ సీరం అల్బుమిన్‌కు, అంటే బీఎస్‌ఏకు కట్టిన రెడీమేడ్ కాంజుగేట్‌ను (హాప్టెన్, ప్రోటీన్ కలిసిన పదార్థాన్ని) కొని, జంతు నైతిక కమిటీ అనుమతితో రెండు కుందేళ్ళకు మొదటి ఇంజెక్షనూ, ఆ తర్వాత నెలకొకటి చొప్పున మూడు బూస్టర్లూ ఇచ్చాను.

చివరిసారి తీసిన సీరంను లక్ష రెట్లు పలుచన చేసినా ప్లేటు మీద రంగు స్పష్టంగా వచ్చింది, అంటే టైటర్ లక్ష. ఆ రోజు నేను చాలా సంతోషించాను. అయితే అసలు పరీక్షకు వచ్చేసరికి, సీరంతో పాటు మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల బీ1ను కలిపినా రంగు ఏమాత్రం తగ్గలేదు. ప్లేటుకు కోటింగ్‌గా వేసింది కూడా ఇంజెక్షన్‌కు వాడిన ఆ కాంజుగేట్‌నే, మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము చొప్పున. సీరంను వెయ్యి రెట్లు పలుచన చేసి వాడాను.

ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి ప్రారంభించే అవకాశం దొరికింది కనుక ఈసారి కాంజుగేట్‌ను ఆలోచించి ఎంచుకోవాలనుకుంటున్నాను. ఏ వాహక ప్రోటీన్ మంచిది? టాక్సిన్ అణువులో ఏ వైపున అతికించాలి? ఒక్కో ప్రోటీన్ మీద ఎన్ని హాప్టెన్లు ఉండాలి? కోటింగ్‌కు వేరే కాంజుగేట్ తప్పనిసరా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం: ఇమ్యునోకెమిస్ట్రీ బోధకుడు, విశాఖపట్నం

మీరు అడిగిన నాలుగు ప్రశ్నల్లో చివరిదే అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఇంజెక్షన్‌కు వాడే కాంజుగేట్‌నూ కోటింగ్‌కు వాడే కాంజుగేట్‌నూ విడివిడిగా కాక ఒక జతగా, పని మొదలుపెట్టక ముందే నిర్ణయించుకోవాలి. మీరు చూసిన లక్ష టైటర్ నిజమైనదే, కానీ అది దేనికి వ్యతిరేకంగా వచ్చిన టైటరో ఆ ప్లేటు చెప్పలేదు. కుందేలుకు మీరిచ్చిన పదార్థంలో మూడు భాగాలున్నాయి: టాక్సిన్, దానిని ప్రోటీన్‌కు కట్టిన వంతెన, ప్రోటీన్. మూడింటికీ యాంటీబాడీలు పుడతాయి. బీఎస్‌ఏ కుందేలుకు పరాయి ప్రోటీన్, అందులోనూ బలంగా స్పందన రప్పించే ప్రోటీన్. అదే బీఎస్‌ఏను అదే వంతెనతో ప్లేటుకు పూసినప్పుడు మూడు రకాల యాంటీబాడీలూ వచ్చి అక్కడ కూర్చుంటాయి. స్వేచ్ఛగా ఉన్న బీ1 వాటిలో ఒక్క రకాన్ని మాత్రమే ఆపగలదు కనుక రంగు తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కొత్త కుందేళ్ళను తీసుకునే ముందు ఉన్న సీరంను ఒకసారి పరీక్షించండి. ప్లేటులో కొన్ని గుంటలకు మామూలు బీఎస్‌ఏను, కొన్నింటికి మీ కాంజుగేట్‌ను పూసి, సీరంను రెండింటి మీదా ఒకే విధంగా పలుచన చేస్తూ వెళ్ళండి. రెండు వక్రరేఖలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడితే మీ టైటర్‌లో అధిక భాగం బీఎస్‌ఏకు చెందినదే. ఆ తరువాత సీరం పలుచన ద్రవంలో 1 శాతం బీఎస్‌ఏను కలిపి, అరగంట ఉంచి, మళ్ళీ కాంజుగేట్ గుంటల్లో వేయండి. మిగిలిన రంగు టాక్సిన్‌కు గానీ వంతెనకు గానీ చెందినదై ఉంటుంది. ఆ రెండింటినీ వేరు చేయడానికి ఒక మంచి ఉపాయం ఉంది. మీరు కొన్న కాంజుగేట్‌లో వంతెన కార్బాక్సీమిథైల్ ఆక్సైమ్ అయి ఉంటుంది, ఎందుకంటే అఫ్లాటాక్సిన్ బీ1కు ఎక్కువగా వాడేది అదే. అదే ఆక్సైమ్ వంతెనతో ప్రొజెస్టిరాన్ వంటి స్టిరాయిడ్‌ను ఓవాల్బుమిన్‌కు (గుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్‌కు) కట్టిన కాంజుగేట్ దొరికితే దానిని ప్లేటుకు పూసి చూడండి. అందులో టాక్సిన్ లేదు, బీఎస్‌ఏ లేదు, వంతెన మాత్రమే ఉమ్మడి. అక్కడ రంగు వస్తే అది వంతెన యాంటీబాడీ.

ఇక ఏ వైపున అతికించాలనే ప్రశ్న. హాప్టెన్ అనే మాటను శాస్త్రానికి ఇచ్చిన కార్ల్ లాండ్‌స్టైనర్, బెంజీన్ వలయం ఉన్న చిన్న చిన్న ఆరోమాటిక్ సమ్మేళనాలను ఎజో బంధంతో ప్రోటీన్లకు కలిపి, ఒకే సమూహం ఆర్థో, మెటా, పారా స్థానాల్లో ఉన్న తేడాను కూడా యాంటీబాడీలు గుర్తుపడతాయని చూపాడు. ఆ పరంపరలో వచ్చిన పనులన్నీ చెప్పే నియమం ఒకటుంది: ప్రోటీన్‌కు అతికిన చోటికి దూరంగా, బయటికి పొడుచుకుని ఉన్న భాగాన్ని యాంటీబాడీ బాగా గుర్తిస్తుంది, అతికిన చోటు దానికి సరిగా కనబడదు. బీ1 అణువుకు ఒక కొసన రెండు ఫ్యూరాన్ వలయాలు, మరో కొసన సైక్లోపెంటనోన్ వలయం ఉన్నాయి. ఆ రెండో కొసలోని కీటోన్ మీద ఆక్సైమ్ చేసి అతికిస్తే ఫ్యూరాన్ కొస బయటికి ఉంటుంది. బీ1కూ దానికి దగ్గరి అఫ్లాటాక్సిన్ బీ2కూ తేడా ఆ ఫ్యూరాన్ కొసలోని ఒక్క ద్విబంధంలోనే ఉంది, బీ1 కాలేయంలో విషంగా మారేది కూడా ఆ ద్విబంధం ఎపాక్సైడ్ కావడం వల్లనే. కనుక బీ1 మీద దృష్టి ఉన్నవారికి ఆక్సైమ్ మార్గం సహేతుకమైన ఎంపిక. అయితే మరో రకం అఫ్లాటాక్సిన్ జీ1కు కూడా అదే ఫ్యూరాన్ కొస ఉంది కనుక కొంత మేరకు జీ1తో అడ్డ చర్య (యాంటీబాడీ దానికీ అంటుకోవడం) ఉంటుందని ముందే ఒప్పుకోవాలి. దీనికి విరుద్ధంగా, బీ1 ఫ్యూరాన్ కొసకు నీరు చేరగా వచ్చే బీ2ఏ రూపం ద్వారా ఫ్యూరాన్ కొసను ప్రోటీన్‌కు కట్టేస్తే, యాంటీబాడీకి సైక్లోపెంటనోన్ కొస కనబడుతుంది. అప్పుడు బీ, జీ రకాల మధ్య తేడా బాగా తెలుస్తుంది, బీ1, బీ2ల మధ్య తేడా తగ్గుతుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు సాధారణంగా బీ రకాలనే ఇస్తుంది, పారసైటికస్ బీ, జీ రెండు రకాలనూ ఇస్తుంది. మీ పరీక్ష బీ1కు మాత్రమేనా, మొత్తం అఫ్లాటాక్సిన్లకా అన్నది ముందు తేల్చుకోండి, అతికించే చోటు దానంతట అదే తేలుతుంది.

నా సూచన ఇది: ఇంజెక్షన్‌కు బీ1 ఆక్సైమ్‌ను కేఎల్‌హెచ్‌కు (నత్త రక్తం నుంచి తీసే పెద్ద వాహక ప్రోటీన్‌కు) కట్టండి, కోటింగ్‌కు బీ2ఏను ఓవాల్బుమిన్‌కు కట్టండి. ప్రోటీన్ మారింది, వంతెన మారింది, అతికిన చోటు కూడా మారింది. చోటు మారడం వల్ల కోటింగ్‌కు యాంటీబాడీ కొంచెం బలహీనంగా అంటుకుంటుంది, స్వేచ్ఛా టాక్సిన్ దానిని సులభంగా లాగేసుకుంటుంది. మరీ బలహీనపడి రంగే రాకపోతే ఆక్సైమ్–ఓవాల్బుమిన్‌కు తిరిగి రావచ్చు, కనుక రెండూ చేసి పెట్టుకోవడం మంచిది.

రెండో సమాధానం: సేంద్రియ రసాయన శాస్త్రవేత్త, బెంగళూరు

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను. కాంజుగేట్‌ను కొనకుండా స్వయంగా తయారు చేసుకోవాలని మాత్రం గట్టిగా చెప్తాను, ఎందుకంటే కొన్న సీసా మీద రాసిన హాప్టెన్ సంఖ్యను మీరు సరిచూడలేరు, ఒక్కో బ్యాచ్‌కు అది మారుతుంది.

ముందుగా జాగ్రత్త. అఫ్లాటాక్సిన్ మనుషులలో క్యాన్సర్‌కు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చిన పదార్థం. పొడి రూపంలో స్థిరవిద్యుత్తు వల్ల ఎగిరి పడుతుంది కనుక తూకం వేయవద్దు. సీసాలోకే ద్రావణిని సూదితో ఎక్కించి కరిగించి, గాఢతను శోషణం ద్వారా నిర్ణయించండి. మెథనాల్‌లో బీ1కు 360 నానోమీటర్ల దగ్గర బలమైన శోషణం ఉంది. వాడిన గాజు సామగ్రినంతా సోడియం హైపోక్లోరైట్‌లో నానబెట్టి, ఆ తరువాత అసిటోన్ కలపాలి. హైపోక్లోరైట్ ఒక్కటే వాడితే డైక్లోరో ఉత్పన్నం మిగిలే అవకాశం ఉంది, అసిటోన్ దానిని నాశనం చేస్తుంది. చాలామంది ఈ రెండో దశను వదిలేస్తారు, మీరు వదలకండి.

ఆక్సైమ్ తయారీకి బీ1ను కార్బాక్సీమిథాక్సిలమైన్‌తో పిరిడిన్ ఉన్న మెథనాల్‌లో చర్య జరిపిస్తారు. ఉత్పత్తి అణుభారం 385. దీనికి చివర ఒక కార్బాక్సిల్ సమూహం వస్తుంది, ప్రోటీన్‌లోని లైసిన్ అమైన్‌కు అతికేది అదే. ఈ అతికింపు చేసే కారకం ఈడీసీని నేరుగా ప్రోటీన్ ఉన్న పాత్రలో వేస్తే ప్రోటీన్ అణువులే ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుకని ముందుగా డైమిథైల్ ఫార్మమైడ్‌లో ఈడీసీతో ఆక్సైమ్‌ను, అమైన్‌తో సులభంగా చర్య జరిపే ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్‌గా మార్చుకుని, ఆ ద్రావణాన్ని పీహెచ్ 8.3 దగ్గర ఉన్న బైకార్బనేట్ బఫర్‌లోని ప్రోటీన్‌కు చుక్కచుక్కగా, కలుపుతూ చేర్చండి. ట్రిస్, గ్లైసిన్ బఫర్లు వద్దు, వాటి అమైన్‌లే హాప్టెన్‌ను తినేస్తాయి.

సంఖ్య విషయంలో నా అనుభవం ఇది. బీఎస్‌ఏలో 59 లైసిన్లున్నా వాటిలో సగం వరకే బయటికి అందుబాటులో ఉంటాయి. నీటిలో కరగని ఇలాంటి హాప్టెన్‌ను ఎక్కువగా ఎక్కిస్తే కాంజుగేట్ తెల్లగా విరిగి అడుగున చేరుతుంది. ఇంజెక్షన్‌కు బీఎస్‌ఏ అణువుకు 10 నుంచి 15, కోటింగ్‌కు అంతకంటే బాగా తక్కువ, 3 నుంచి 6, ఉండేలా చూసుకుంటే నాకు పని సాఫీగా నడిచింది. కోటింగ్ మీద హాప్టెన్లు దట్టంగా ఉంటే ఒకే యాంటీబాడీ రెండు చేతులతోనూ పట్టుకుంటుంది. అప్పుడు స్వేచ్ఛా టాక్సిన్ దానిని కదిలించలేదు.

లెక్క ఎలా తేల్చాలంటే, మాల్డీ అనే మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో ద్రవ్యరాశి కొలిపించండి. బీఎస్‌ఏ సుమారు 66,430. ఒక్కో హాప్టెన్ అతికినప్పుడు ఒక నీటి అణువు పోతుంది కనుక 367 చొప్పున పెరుగుతుంది, 10 హాప్టెన్లకు 70,100 దగ్గర శిఖరం రావాలి. కేఎల్‌హెచ్ కాలిఫోర్నియా తీరపు నత్త రక్తంలోని రాగి ప్రోటీన్, దాని సమూహం కొన్ని మిలియన్ల అణుభారం గలది, మాల్డీకి అందదు. అందుకే ఒకే రోజు, ఒకే ఎస్టర్ ద్రావణంతో బీఎస్‌ఏకు కూడా సమాంతరంగా కట్టి, దానిని కొలిచి, కేఎల్‌హెచ్‌లోనూ చర్య జరిగిందని అంచనా వేసుకోవాలి. కేఎల్‌హెచ్‌ను గడ్డకట్టించి కరిగిస్తే ముద్దలవుతుంది, దానిని తయారీదారు చెప్పినట్టే నిల్వ చేయండి.

ఒక మాట మర్చిపోకండి. అఫ్లాటాక్సిన్ సమయోజనీయ బంధం లేకుండానే అల్బుమిన్‌కు అంటుకుని ఉండగలదు. శోషణం చూసి హాప్టెన్లు బాగా ఎక్కాయని మీరు భావించవచ్చు, కానీ వాటిలో కొన్ని ఊరికే అంటుకున్నవై ఉంటాయి. ఈడీసీ లేకుండా అన్నీ అవే కలిపిన ఒక నియంత్రణ గొట్టాన్ని పెట్టి, రెండింటినీ ఒకే విధంగా డయాలసిస్ (చిన్న అణువులను పొర గుండా బయటికి పంపడం) చేసి, నియంత్రణలో మిగిలిన శోషణాన్ని తీసివేయండి. డయాలసిస్ తొలి మార్పుల్లో కొంచెం మెథనాల్ కలిపితే ఊరికే అంటుకున్నది చాలావరకు వదులుతుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. బీఎస్‌ఏ పరీక్ష చేశాను. రెండు వక్రరేఖలూ దాదాపు కలిసిపోయాయి. సీరంలో 1 శాతం బీఎస్‌ఏ కలిపాక కాంజుగేట్ గుంటల్లో రంగు చాలా తగ్గింది, అయితే పూర్తిగా పోలేదు. ఆ మిగిలిన రంగును 100 నానోగ్రాముల బీ1 సుమారు మూడో వంతు తగ్గించింది. అంటే టాక్సిన్‌ను గుర్తించే యాంటీబాడీ కొంతైనా ఉందన్నమాట.

దీనిని చూసి మా ప్రయోగశాలలో ఒకరు ఒక సూచన చేశారు. కొత్త కుందేళ్ళు ఎందుకు, ఉన్న కుందేళ్ళకే ఇప్పుడు బీ1–కేఎల్‌హెచ్‌తో బూస్టర్ ఇస్తే బీఎస్‌ఏ యాంటీబాడీ పెరగకుండా టాక్సిన్ యాంటీబాడీ ఒక్కటే పెరుగుతుంది కదా అన్నారు. వినడానికి బాగానే ఉంది. ఇది నిజంగా పనిచేస్తుందా?

మూడో సమాధానం: పోస్ట్‌డాక్, అమెరికా

నేను ఎలుకలలో ఎన్‌పీ అనే హాప్టెన్‌ను కోడి గామా గ్లోబ్యులిన్ ప్రోటీన్‌కు కట్టి, యాంటీబాడీలు తయారు చేసే బీ కణాల మీద పనిచేస్తాను. మీ ప్రశ్న నా రోజువారీ పనికి దగ్గరగా ఉంది కనుక రాస్తున్నాను. మీ సహచరుల సూచనలో ఒక అంశం లోపించింది. హాప్టెన్‌ను గుర్తించే బీ కణానికి సహాయం చేసే టీ కణం హాప్టెన్‌ను గుర్తించదు, వాహక ప్రోటీన్ నుంచి వచ్చిన పెప్టైడ్‌ను గుర్తిస్తుంది. బీ కణం కాంజుగేట్‌ను మొత్తంగా లోపలికి మింగి, ప్రోటీన్ ముక్కలను పైకి చూపించి సహాయం పొందుతుంది. 1971లో మిచిసన్ ప్రచురించిన ప్రయోగాలు దీనిని స్పష్టం చేశాయి. ఒక ప్రోటీన్‌కు కట్టిన హాప్టెన్‌తో సిద్ధం చేసిన ఎలుకల కణాలు అదే హాప్టెన్‌ను మరో ప్రోటీన్‌కు కట్టి ఇచ్చినప్పుడు బాగా స్పందించలేదు, ఆ రెండో ప్రోటీన్‌కు కూడా ముందే సిద్ధం చేసిన కణాలను జత చేస్తే స్పందించాయి. దీనినే వాహక ప్రభావం అంటారు.

మీ కుందేళ్ళలో బీఎస్‌ఏను గుర్తించే సహాయక టీ కణాలు పుష్కలంగా ఉన్నాయి, కేఎల్‌హెచ్‌ను గుర్తించేవి ఇంకా సిద్ధం కాలేదు. అకస్మాత్తుగా ప్రోటీన్ మార్చి బూస్టర్ ఇస్తే టాక్సిన్ జ్ఞాపక కణాలకు సహాయం అందక స్పందన నీరసంగా ఉండవచ్చు. ఉన్న జంతువులనే వాడుకోవాలని గట్టిగా ఉంటే ముందు హాప్టెన్ లేని కేఎల్‌హెచ్‌ను ఒకసారి ఇచ్చి, మూడు నాలుగు వారాలు ఆగి, ఆ తరువాత బీ1–కేఎల్‌హెచ్ ఇవ్వండి. ఇందుకు కమిటీ అనుమతిని సవరించుకోవలసి ఉంటుంది. నేనైతే కొత్త జంతువులతో కేఎల్‌హెచ్ మీదే మొదలుపెట్టి చివరివరకూ అదే ప్రోటీన్‌తో ఉంటాను. బూస్టర్ మోతాదును మాత్రం క్రమంగా తగ్గిస్తాను, ఎందుకంటే యాంటిజెన్ కొరతగా ఉన్నప్పుడు దానిని గట్టిగా పట్టుకోగల బీ కణాలకే అవకాశం ఎక్కువ.

మా రంగంలో ఒక అలవాటుంది, మీకు పనికివస్తుంది. ఒకే సీరంను హాప్టెన్లు తక్కువగా ఉన్న బీఎస్‌ఏ మీదా, చాలా ఎక్కువగా ఉన్న బీఎస్‌ఏ మీదా కొలుస్తాం. తక్కువ హాప్టెన్ల ప్లేటుకు గట్టిగా పట్టుకునే యాంటీబాడీలే అంటుకుంటాయి, దట్టమైన ప్లేటుకు అన్నీ అంటుకుంటాయి. ఈ రెండింటి నిష్పత్తి వారం వారం పెరుగుతూ ఉంటే యాంటీబాడీ పదును ఎక్కుతోందని అర్థం. ఎన్‌పీని ఇంజెక్షన్‌లో ఇచ్చేది బీఎస్‌ఏతో కాక కోడి ప్రోటీన్‌తో కట్టి కనుకనే మాకు ఈ పోలిక సాధ్యమవుతోంది. మీరు కేఎల్‌హెచ్‌కు మారాక ఓవాల్బుమిన్ మీద రెండు సాంద్రతలలో కోటింగ్ చేసి ఇదే పని చేయవచ్చు. ప్రతి రక్తసేకరణలోనూ టైటర్‌ను మాత్రమే కాక, మిల్లీలీటరుకు 1 నానోగ్రాము బీ1 ఎంత శాతం రంగును తగ్గిస్తోందో తప్పక కొలవండి. జంతువును ఎంచుకునేది ఆ సంఖ్యను బట్టే.

నాలుగో సమాధానం: ఆహార పరీక్షశాల విశ్లేషకుడు, గుంటూరు

మిరపకాయల గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. ఐరోపా సమాఖ్యకు ఎగుమతయ్యే ఎండుమిర్చిలో బీ1 పరిమితి కిలోకు 5 మైక్రోగ్రాములు, నేరుగా తినే వేరుశనగలో 2 మైక్రోగ్రాములు. పొడి చేసిన నమూనా 20 గ్రాములను 70 శాతం మెథనాల్ 100 మిల్లీలీటర్లలో తీశారనుకోండి. మిర్చిలో పరిమితి దగ్గర ఉన్న టాక్సిన్ ఆ ద్రవంలో మిల్లీలీటరుకు 1 నానోగ్రాము అవుతుంది. మెథనాల్ యాంటీబాడీని దెబ్బతీయకుండా పది రెట్లు పలుచన చేస్తే 0.1 నానోగ్రాము మిగులుతుంది. వేరుశనగకైతే 0.04 మాత్రమే. 0.1 నానోగ్రాము అంటే లీటరుకు 0.3 నానోమోల్ కంటే కొద్దిగా ఎక్కువ. మీ యాంటీబాడీకి టాక్సిన్ మీద ఆ స్థాయి పట్టు లేకపోతే ఎన్ని కోటింగులు మార్చినా పరీక్ష నిలబడదు. పై సమాధానాల్లో చెప్పిన జాగ్రత్తలన్నీ ఈ లెక్క కోసమే.

మీరు సీరంను వెయ్యి రెట్లే పలుచన చేశామన్నారు. లక్ష టైటర్ ఉన్న సీరానికి అది చాలా గాఢం. యాంటీబాడీ అంత మితిమీరి ఉన్నప్పుడు కొద్దిపాటి టాక్సిన్ ఏ ప్రభావమూ చూపదు. కోటింగ్‌ను 1 మైక్రోగ్రాము నుంచి 0.05 వరకు తగ్గిస్తూ, సీరంను అడ్డంగా పలుచన చేస్తూ ఒక గళ్ళ ప్లేటు వేసి, శోషణం 1 దగ్గర వచ్చే అతి తక్కువ జతను ఎంచుకోండి.

మిర్చి ద్రవంలోని ఎర్ర వర్ణకాలు, ఘాటు పదార్థాలు టాక్సిన్ లేకపోయినా రంగును తగ్గిస్తాయి, దానితో శుభ్రమైన సరుకు కూడా కలుషితంగా కనబడుతుంది. కనుక ప్రామాణిక వక్రరేఖను బఫర్‌లో కాక, టాక్సిన్ లేదని క్రొమాటోగ్రఫీతో నిర్ధారించుకున్న మిర్చి ద్రవంలో గీయండి. వేరుశనగకు వేరుగా మరొకటి గీయాలి. కొత్త సీరం వచ్చిన రోజునే, దానిని శుద్ధి చేయకముందే, రెండు కుందేళ్ళ సీరాలనూ ఈ మిర్చి ద్రవంలోనే పోల్చి చూడండి. బఫర్‌లో గెలిచిన సీరం మిర్చిలో ఓడిపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.